పట్టున్న టైర్లు

నూకరత్నం వాకిలి పెరుగుతోంది. కాపురానికి వచ్చిన కొత్తలో అది పిల్లి ఒక్క దూకులో దాటేసేంత వాకిలి. ఇప్పుడు గుమ్మంలో నిలబడి చూస్తే తులసికోట ఎక్కడో దూరాన, నీలంగా, కొండ కనిపించినట్టు కనిపిస్తుంది. పొద్దున్న పూట దాని మీద మబ్బు కూడా దిగుతుంది.

జీపు నడిపే ఆమె పెనిమిటి అప్పలసూరి చనిపోయిన ఏడాది మొదలైంది ఈ పెరగడం. మనిషి పోయాక ఇంట్లో చోటు మిగులుతుంది కదా. మిగిలిన చోటు ఎక్కడికి పోతుంది మరి? మెల్లగా గుమ్మం దిగి వాకిట్లోకే పోతుంది. అందుకని నూకరత్నం ఆశ్చర్యపోదు. చేయి తిరిగినంత మేర ఊడుస్తుంది, మిగతాది గాలికి వదిలేస్తుంది.

ఆమె బెంగంతా పైడమ్మ గురించే. వాకిలికి అవతలి గోడ పక్కింటి పైడమ్మది. సాయంత్రం పొయ్యి రాజేసే వేళకి ఆవిడ ఆ గోడ మీద గడ్డం ఆనించి, "ఏటి కూర వొదినా?" అని అడుగుతుంది. ఈవిడ చెబుతుంది. "మాకూ అదే" అనో, "ఓలమ్మ, ముందే సెప్తే కాస్త అట్టేపెట్టమందును కదా" అనో ఆవిడ అంటుంది. అంతే సంగతి. ఆ మాటలో ఏముందయ్యా అంటే ఏమీ లేదు. కానీ ఇంత లోకంలో నూకరత్నాన్ని ఏం కూరని అడిగే మనిషి ఆవిడ ఒక్కతే.

ఇప్పుడా ప్రశ్న వాకిలి దాటి వచ్చేసరికి వండిన కూర చల్లారిపోతోంది. ఎండకీ వానకీ దారిలో అరిగిపోతోంది కూడా. ముందు "ఏటి" రాలిపోయింది. తర్వాత "కూర" రాలిపోయింది. నిన్న ఉత్త "వొదినా?" మాత్రమే వచ్చింది. అదీ బొంగురుగా, ఒళ్ళంతా దుమ్ముతో వచ్చి, మెట్టు మీద కాసేపు కూర్చుని, జవాబు లేక లేచి వెళ్ళిపోయింది. నూకరత్నం గొంతు చించుకుని "చింతచిగురూ!" అని అరిచింది. ఆ మాట కొంత దూరం పోయి, తూలి, నేల మీద పడిపోవడం ఆమె కళ్ళారా చూసింది.

జవాబు రాని చోట ఎవరు మాత్రం ఎన్నాళ్ళు అడుగుతారు? రేపో మాపో పైడమ్మ మానేస్తుంది. ఆవిడ మానేసేలోగా అక్కడికి చేరాలి.

అందుకని నూకరత్నం పెరట్లోకి వెళ్ళి జీపు మీద కప్పిన గోనెపట్టాలు లాగేస్తుంది. నాలుగు చక్రాలూ లాగే జీపే అది. ఇంజను బాగానే ఉంది. టైర్లే గుండు పడిపోయాయి. కొండ ఊళ్ళకి మనుషుల్నీ బస్తాల్నీ మోసి మోసి, వాటి మీది గీతలన్నీ ఆ కొండల దగ్గరే ఉండిపోయాయి. ఈ టైర్లతో వాకిట్లోకి దిగితే కళ్ళాపి తడికే జారిపోతుంది బండి.

నడపడం ఆమెకి ఎవరూ నేర్పలేదు. కానీ అప్పలసూరి పక్క సీట్లో కూర్చున్నప్పుడల్లా, ఆయన బ్రేకు తొక్కితే ఈవిడ కూడా తన ముందున్న ఖాళీ రేకుని కుడికాలితో గట్టిగా తొక్కేది. "నీ బ్రేకు వల్లే ఆగిందే బండి" అని ఆయన నవ్వేవాడు. ఆ కాలికి ఇప్పుడు అన్నీ గుర్తున్నాయి. పెరడు పెరగలేదు కాబట్టి దడి దాటగానే తారు రోడ్డు వస్తుంది. ఆ రోడ్డు కొండ ఎక్కే ఘాటీ మొదట్లో ఉన్న టైర్ల కొట్టు ముందు ఆగుతుంది.

కొట్టు గుమ్మంలో చెప్పులు విడవాలి. లోపల గోడ నుంచి గోడ దాకా తెల్ల దుప్పట్లు పరిచిన పరుపులు. కొట్టాయన ఆదిబాబు వాటి మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"రండప్పా, కూకోండి. మంచినీళ్ళు తాగండి. ఏటి సూపించమంటారు?"

"జీపుకి టైర్లు బాబూ. మంచి పట్టుండాల."

"ఏ పట్టు? ఉప్పాడా, ధర్మవరమా?"

నూకరత్నం కాస్త ఆలోచిస్తుంది. "ఊరేదైతే నాకేటి? జారకూడదు."

"పట్టన్నాక జారతాదప్పా. జారకపోతే అది నూలు."

"అయితే జారితే జారింది, నన్ను మటుకు వొదలకూడదు."

"అలాగ సెప్పండి మరి."

ఆదిబాబు అల్మారాలోంచి ఒక టైరు తీసి, మడత విప్పి, ఒక్క విసురుతో దాన్ని పరుపు మీద పరుస్తాడు. అది నల్లగా మెరుస్తూ ఆమె మోకాళ్ళ దాకా వచ్చి ఆగుతుంది. దాని నిండా మామిడి పిందెలు, ఒక్కొక్కటీ పిడికిలంత.

"ఇది బురదకప్పా. ఎంత బురదైనా పిందెల మధ్యలోంచి కక్కేస్తాది. అంచు సూడండి, గట్టి అంచు. రాళ్ళల్లో ముందు సిరిగేది అంచే కదా."

నూకరత్నం అంచు నలిపి చూస్తుంది. తర్వాత ఒక కొస ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటుంది. లోపల రైలు వంతెన దాటుతున్నంత మోత.

"ఇంత రొదలో మా పైడమ్మ మాట ఎలాగ ఇనపడతాది? ఆ మాట పట్టుకునే కదా నాను ఎల్లాల."

"సుట్టూ తిరిగి రోడ్డు మీద ఎల్లిపోకూడదేటి?"

"ఎల్లేను బాబూ. సుట్టూ తిరిగితే మళ్ళీ మా పెరడే వొచ్చింది."

అతను అవునన్నట్టు తలూపి రెండోది పరుస్తాడు. దీని మీద సన్నని గీతలు తప్ప ఏమీ లేవు. చెవి దగ్గర పెడితే చడీచప్పుడు లేదు.

"ఇది తారు రోడ్డుకి. దీని మీద పోతూ ఉంటే సీమ దగ్గినా ఇనపడతాది. తడి తగిలిందా, అక్కడే కూలబడిపోద్ది."

"కూలబడిపోయి ఇని ఏటి సేసుకోను?"

"అదే కదప్పా తంటా. దిగబడిపోయి ఇనడం ఒకటి, దాటిపోయి ఇనపడకపోడం ఒకటి. మీకేది కట్టమంటారు?"

"ఎల్లాల. ఇనాల కూడాను."

ఆదిబాబు పరిచిన రెండింటినీ మడత పెట్టి పక్కకి తోస్తాడు. తర్వాత లేచి, తను కూర్చున్న పరుపు కిందనుంచి ఇంకొకటి లాగుతాడు. దాని మీది పిందెలు పెద్దవీ కావు, చిన్నవీ కావు. "అన్ని నేలలకీ అని ఇదొకటుంది. ఏ నేల మీదా రాణీలాగ పోదు. ఏ నేల మీదా సతికిలబడిపోదు. అందుకే దీన్ని ఎవులూ మొదట అడగరు."

నూకరత్నం చెవి ఆనిస్తుంది. పని చేసుకుంటూ నోరు మూసుకుని ఎవరో కూనిరాగం తీస్తున్నట్టుంది. ఆ రాగం మీదనుంచి ఇంకో మనిషి మాట్లాడితే హాయిగా వినపడుతుంది.

"ఇదే కట్టు బాబూ. నాను కాపురం సేసింది ఇలాటి మనిసితోనే."

"స్టెప్నీకి గుడ్డ ఇందులోనే వొస్తాదప్పా. ఇడిగా కొనక్కర్లేదు. పాతవి వొదిలేస్తారా?"

"వొద్దు. ఎనక సీట్లో ఎట్టీ. అవి ఇంకా ఆయన్ని మోస్తన్నాయి."

సాయంత్రం ఆమె పొయ్యి ఆర్పి, చింతచిగురూ ఎండు రొయ్యల కూర గిన్నెలో సర్ది, మూత మీద మూత పెట్టి, జీపు పక్క సీట్లో కూర్చోబెడుతుంది. ముందు గుమ్మం ఈ పూట జీపు పట్టేంత వెడల్పుగా ఉంది. మెట్లు దిగి బండి వాకిట్లోకి పోతుంది.

మొదట కళ్ళాపి వస్తుంది. ఇన్నేళ్ళుగా ఆమె చల్లిన నీళ్ళన్నీ అక్కడే పల్లంలో చేరి, పచ్చగా పెద్ద మడుగు కట్టాయి. టైర్లు కూనిరాగం తీస్తూ అందులో దిగి, పిందెల సందుల్లోంచి బురద కక్కుకుంటూ గట్టెక్కుతాయి. తర్వాత ముగ్గు. పిండి మోకాలి లోతు ఇసుకలా ఉంది. బండి చుక్కల చుట్టూ గీత ఎటు తిరిగితే అటు తిరుగుతూ, ఒక్క చుక్క కూడా చెడకుండా దాటుతుంది. ఆ తర్వాత తులసికోట ఘాటీ. ఒక్కో మలుపు దగ్గరా ఆమె హారను కొడుతుంది. ఎదురుగా ఎవరూ రారు. దీపం పెట్టే గూడు దాటుతుంటే లోపల చలిగా, చీకటిగా, నూనె వాసనగా ఉంటుంది.

శిఖరం మీద తులసి కొమ్మకి టైరు అంచు తగులుకుంటుంది. రాయికి చెదరని అంచు పచ్చి కొమ్మకి పోగు వదులుతుంది. నూకరత్నం వెనక్కి చూసేసరికి నాలుగు టైర్లూ విడిపోతూ, నల్లటి పోగులు నేలలోకి ఇంకిపోతున్నాయి. పట్టు కావాలని అడిగింది తనే. పట్టే ఇచ్చాడు. ఇందులో ఎవరినీ అనడానికి లేదు.

కొండ దిగేసరికి చక్రాలకి ఉత్త ఇనుము మిగిలి, జీపు ఆగిపోతే ఆమె కిందికి దిగుతుంది. గోడ ఇంకా దారప్పోగంత సన్నగా, దూరంగా ఉంది.

అప్పుడే ఎదురుగా ఇవాళ్టి ప్రశ్న వస్తుంది. "నా?" అని మాత్రమే ఉంది. వొదినలో చివరి ముక్క. అది జీపు దాటి రెండడుగులు కూడా వేయలేక, ఆమె పాదాల దగ్గర ఒరిగిపోతుంది. రేపు ఆ ముక్క కూడా రాదు.

నూకరత్నం వంగి దాన్ని ఎత్తుకోబోతుంది. చేతికి నేల తగులుతుంది. నేల మెత్తగా, జారుడుగా, చల్లగా ఉంది. టైర్ల పట్టంతా ఇంకి వాకిలి మొత్తం పట్టయిపోయింది. పరిచి ఉన్న పట్టుని ఏం చేయాలో ఆడదానికి ఒకరు చెప్పాలా? ఆమె ఎదరనున్న నేల అంచు పట్టుకుని, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య కుచ్చిళ్ళు పెట్టడం మొదలుపెడుతుంది. ఎదరిది అయిపోతే వెనకది. కళ్ళాపి మడుగు ఒక మడతలోకి పోతుంది. తులసికోట ఘాటీ ఇంకో మడతలోకి పోతుంది. జీపు, కూరగిన్నె, వెనక సీట్లోని పాత టైర్లు కలిసి మరో మడత. అన్నీ సరిచేసి, ఒక్క దులుపు దులిపి, నడుం దగ్గర దోపుకుంటుంది.

గోడ వచ్చి ఆమె గుండెకి ఆనుతుంది. గోడ మీద పైడమ్మ గడ్డం ఉంది.

"ఏటి కూర వొదినా?"

ఒక్క ముక్క కూడా తగ్గలేదు.

"సింతసిగురు. ఎండ్రొయ్యలేసేను."

"నిన్న అడిగితే పలకవు, మొన్న అడిగితే పలకవు. అలిగేవేమో అనుకున్నాను. రేపటికాడ్నించి అడగొద్దనీసుకున్నాను కూడాను."

"అలగనేదే. వాకిలి అడ్డమొచ్చింది."

పైడమ్మ ఆమె నడుం వైపు చూస్తుంది. "కొత్త సీరేటి? అంతెత్తు కుచ్చిళ్ళేటి?"

"వాకిలే."

"అంచు బాగుంది" అంటుంది పైడమ్మ, వేలితో తడిమి. "సరే గానీ, లోనికి రా. కూర పట్టుకురా."

కూర మడతలో ఉంది. నూకరత్నం ఒక అడుగు వేయబోయి ఆగుతుంది. అడుగు వేస్తే కుచ్చిళ్ళు జారిపోతాయి. జారితే మళ్ళీ గోడ నీలంగా, దూరంగా.

"కదలకూడదే నాను."

"అయితే అక్కడే ఉండు. నానే రోజూ అడుగుతాను" అని పైడమ్మ పొయ్యి చూసుకోవడానికి లోపలికి వెళ్తుంది.

నూకరత్నం గోడ పక్కన కదలకుండా నిలబడి ఉంది. వీధిలో దీపాలు పెట్టారు. ఆమె నడుం దగ్గర, మడతల లోపల, ఇంజను ఒకసారి దగ్గి అందుకుంటుంది. గుండు పడిన పాత టైర్ల జరజర ఆమె గుర్తుపడుతుంది. పట్టులోంచి రెండు చిన్న లైట్లు బయటికి కనిపిస్తూ, ఒక కుచ్చిలి మీదనుంచి ఇంకో కుచ్చిలి మీదికి, ఘాటీ ఎక్కుతున్నాయి. చింతచిగురు వాసన వస్తోంది. లోపల ఎవరో మలుపు దగ్గర హారను కొడతారు.

నూకరత్నం కుడికాలితో నేలని మెల్లగా తొక్కుతుంది. లైట్లు నెమ్మదించి, ఒద్దికగా మలుపు తిరుగుతాయి.