పక్కకు జరిగిన తెల్లబిళ్ళ

రాయచూరు బజారులో పదిరూపాయల బిళ్ళంటే అందరికీ అలుసే. అది చెల్లదని ఏ మహానుభావుడు పుకారు పుట్టించాడో గానీ, పుట్టినప్పటి నుంచి అది చావలేదు. ఆటోవాడు తీసుకోడు, కూరగాయలావిడ ముట్టుకోదు, "నడియంగిల్ల" అని కన్నడంలో ఒక్క మాట విసిరి మొహం తిప్పేసుకుంటారు. సర్కారు అచ్చు వేసిన డబ్బును నడవదనడానికి వీళ్ళెవరని మరమరాల అంగడి అహల్యకు ఒళ్ళు మండేది. అందుకే ఎవరిచ్చినా పంతానికి తీసుకునేది. గల్లాపెట్టె పక్కన ఒక బిస్కెట్ల డబ్బా పెట్టుకుని వాటన్నిటినీ అందులో వేసేది.

తీసుకుని ఊరుకుంటే ఆమె అహల్య ఎందుకవుతుంది? ప్రతి బిళ్ళనూ అటూ ఇటూ తిప్పి చూసేది. టంకసాల యంత్రం కూడా ఎప్పుడైనా పొరపాటు చేస్తుందని, అలాంటి బిళ్ళల కోసం ప్రాణం పెట్టేవాళ్ళున్నారని ఫోనులో చూసింది. మూడేళ్ళపాటు చూసిందే చూసింది, దొరికింది మట్టి. ఈ ఆషాఢంలో మాత్రం ఒకటి వచ్చి చేతిలో పడింది. పదిరూపాయల బిళ్ళకు చుట్టూ పచ్చటి కట్టు, నడుమ తెల్లబిళ్ళ ఉంటాయి కదా. దీనికి తెల్లబిళ్ళ ఒక పక్కకు జరిగిపోయింది. ఒకవైపు కట్టు దారమంత సన్నబడింది, రెండోవైపు లావైంది. ఆ రోజు సంబరంతో ఆమెకు అన్నం దిగలేదు.

భర్త కిష్టయ్యకు అది సందు దొరికినట్టయింది. ఇరవై రెండేళ్ళుగా ఆయన టోకు సరుకు దొరికే గంజ్‌కు తిరిగి సరుకు తెస్తే గల్లా దగ్గర గద్దె మీద కూర్చుని అమ్మింది అహల్యే. ఈ ఏడు ఆయన మోకాళ్ళు మొరాయించాయి. తిరిగే ఓపిక పోయింది, కూర్చునే చోటు కావాలి. ఉన్నది ఒక్క గద్దె. నోరు తెరిచి అడగడానికి నామోషీ. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలి కదా, ఆ దారి పట్టాడు. ఆమెకు చిల్లర పిచ్చి ముదిరిందని, గిరాకిని నిలబెట్టి బిళ్ళలు చూసుకుంటుందని, ఎవరో చేసిన దొంగ బిళ్ళకు, ఖోటాదానికి పసుపుకుంకుమలు పెడుతుందని బజారంతా టముకు వేశాడు.

ఒకరోజు పొద్దున్నే తానే ఎక్కి గద్దె మీద కూర్చున్నాడు. హైదరాబాదు నుంచి నాణేలు కొనే శ్రీరాములు వచ్చి స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాడని, ఆయనకు కబురు పెట్టానని చెప్పాడు. ఆయన ఖోటా అంటే ఇవాళ్టి నుంచి నువ్వు ఇంట్లో ఉండు, గల్లా నాది అన్నాడు. అహల్య సరేనంది. నలుగురి ముందే కానీ అంది.

శ్రీరాములు వచ్చాడు. భూతద్దం తీసి ఆ బిళ్ళను చాలాసేపు చూశాడు, ఇంకోసారి చూశాడు. అప్పుడు పెదవి విరిచి, ఎవరో పనిలేనివాళ్ళు తెల్లబిళ్ళను ఊడబెరికి పక్కకు జరిపి సుత్తితో కొట్టి బిగించారని, ఇది పది రూపాయలు కూడా చేయదని తేల్చేశాడు. చూడవచ్చిన పక్క అంగడి దుర్గప్ప కిసుక్కున నవ్వాడు. కిష్టయ్య గల్లాపెట్టె మీద వేళ్ళతో దరువు వేశాడు.

అయినా అహల్య తగ్గలేదు.

"ఊడబెరికి జరిపితే తెల్లబిళ్ళతోటి దాని మీది సింహం గూడ జరగాలె గద. సింహం నడిమిట్లనే ఉన్నది. దాని గీత తెల్లదాంట్లకెళ్ళి పచ్చదాంట్లకు తెగకుంట పోయింది. ముందుగాల బిళ్ళ జరిగింది, ఎనుక అచ్చు పడ్డది. అది టంకసాల తప్పు, సుత్తి తప్పు కాదు."

మరమరాలమ్ముకునే ఆమెకు మరమరాల సంగతి చాలునని శ్రీరాములు నవ్వేశాడు. ఇంత దూరం వచ్చాను, ఊరికే పోవడం బాగుండదు, పిల్లలకు చూపించుకుంటానంటూ జాలిపడ్డట్టు రెండు వందల నోటు తీశాడు. కిష్టయ్య దానికోసం చేయి చాచనే చాచాడు.

"ఆగు," అంది అహల్య. "ఏం సేఠూ, పది గూడ చెయ్యదంటివి. ఖోటాదానికి రెండొందలు ఎందుకిస్తున్నవ్?"

అహల్య ఆ బిళ్ళను తీసి అంగడి ముందరి బండ మీద పెట్టింది. తక్కెడలోని రెండు కిలోల రాయి అందుకుంది. ఖోటా అయితే ఉండి ఏం లాభం, పగలగొడతానంది. ఉత్త బెదిరింపనుకునేరు, కాదు. తన మాటకు విలువ లేని చోట ఆ బిళ్ళ ఉంటే ఎంత, పోతే ఎంత? పళ్ళు బిగించి రాయి పైకెత్తింది, దించింది.

రాయి జానెడు దూరంలో ఉండగా శ్రీరాములు చేయి వచ్చి బిళ్ళను కప్పేసింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. బండ చుట్టూ ఉన్న ఏడెనిమిది మందీ ఆ చేతినే చూస్తున్నారు. ఎవరూ అడగకుండానే శ్రీరాములు అయిదు వేలన్నాడు. పదిహేనన్నాడు, చివరికి ఇరవై అయిదు వేలన్నాడు. దుర్గప్ప తెరిచిన నోరు మూయలేదు. కిష్టయ్య గద్దె మీది నుంచే ఇచ్చెయ్యమని, అదృష్టం మన ఇంటి తలుపు తట్టిందని తొందరపెట్టాడు. పొద్దుటి దాకా పిచ్చి ఆమెది, ఇప్పుడు అదృష్టం మాత్రం ఇద్దరిదీ!

అహల్య ఆ చేతి కింది నుంచి బిళ్ళను లాక్కుని కొంగున ముడి వేసుకుంది.

"లచ్చ ఇచ్చినా నీకియ్య. అసలుదాన్ని నా మొఖం మీదనే ఖోటా అన్నోనికి అమ్మనే అమ్మ."

శ్రీరాములు భూతద్దం జేబులో వేసుకుని స్టేషన్ దారి పట్టాడు. అప్పుడామె మొగుడి వైపు తిరిగింది.

"ఖోటా అయితే నేను ఇంట్ల ఉండాలంటివి. అసలైతే ఎవరుండాల్నో చెప్పకపోతివి. ఇప్పుడు చెప్పు."

కిష్టయ్య రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, నొప్పికి పళ్ళు కొరుక్కుంటూ, మెల్లగా గద్దె దిగాడు. అహల్య ఎక్కి కూర్చుంది. గల్లాపెట్టెను తన దగ్గరకు జరుపుకుని, ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"మోకాళ్ళు నొస్తున్నయని ఒక్క మాట అంటే, నేనే లేస్తుంటి గద," అంది.