గోమారి కడుపులో ఆయన

ఈ ఉదయం, పశువుల ఒంటిని పట్టి నెత్తురు తాగే గోమారి ఒకటి మా ల్యాబు గదంత పెరిగింది. అందుకని చెప్పులు బయట విడిచి, దాని కడుపులోకి వెళ్లి పని మొదలుపెడతాను.

లోపల గోరువెచ్చగా ఉంది. డీఎన్ఏ అక్షరాలు మోకాలి లోతున పడి ఉన్నాయి. ఉన్నవి నాలుగే అక్షరాలు, కానీ కోట్లసార్లు ఉన్నాయి. కొన్ని గోమారివి, కొన్ని అది నెత్తురు తాగిన ప్రాణివి. జ్వరం తెచ్చిన బ్యాక్టీరియావి పిడికెడు. ఆ పిడికెడూ చెరిగి తీసి, అది ఏ వంశానిదో తేల్చడం నా ఉద్యోగం.

గోడ మీద బ్యాక్టీరియాల వంశవృక్షం ఉంది. దాని కింద మా బ్యాక్టీరియా పీట వేసుకుని వారం నుంచి కూర్చుని ఉంది. ఏ కొమ్మ దగ్గరికి వెళ్లినా, "మా వాళ్లలో ఈ పోలిక లేదమ్మా" అని పంపేస్తున్నారు.

"నీ వాళ్లెవరో తెలిస్తేనే మందు తెలుస్తుంది. గొర్రెలు మేపే ఓబులమ్మకీ, ఆమె కోడలికీ నువ్వు తెచ్చిన జ్వరం దిగడం లేదు" అంటాను.

"నాదేముంది తల్లీ. నా ఒంటికి ఎవరో అంటుకుని ఉన్నారు. వాళ్లని వదిలించు" అంటుంది.

గోమారి వచ్చిన సీసా చీటీ చూస్తాను. రక్తం ఎవరిది అన్నచోట గేదె గడిలో గీత ఉంది. ఆ గీత మా ఆయన చెన్నకేశవులుది. ఊరూరా తిరిగి పశువుల మీది గోమార్లు ఏరి మాకు పంపేవాడు. పేరు తెలియని జ్వరంతో పోయి నలభై రోజులైంది. చీటీలో ఆవు, గేదె, గొర్రె, మేకలకే గళ్లున్నాయి. ఇప్పుడర్థమవుతోంది, తన చంకలోంచి పీకిన గోమారిని ఎక్కడ రాయాలో తెలియక గేదెలో రాశాడు. ఖాళీ వదిలితే సీసా తిప్పి పంపుతాం మరి.

వారంగా నేను గేదె అక్షరాలు తీసేసే చేటతో చెరుగుతున్నాను. మనిషి కాబట్టి అందులోంచి ఆయన పోలేదు.

"ఏందే, ఇంకా అన్నం తినలా?" అంటాయి మోకాళ్ల చుట్టూ ఉన్న అక్షరాలు, ఆయన గొంతుతో.

"తినలేదు" అంటాను. ఏడుపొస్తుంది. ఏడుస్తాను.

మా ల్యాబు పెద్ద సుభాషిణి మేడం గోమారి నోట్లోంచి తల లోపలికి పెడుతుంది. "మనుషుల చేట ఆ మూలనే ఉంది కదమ్మా."

"ఆయన్ని కొంచెం దాచుకోవచ్చా మేడం?"

"ఆయనది ఒక్క అక్షరం మిగిలినా బ్యాక్టీరియా తప్పు కొమ్మ ఎక్కుతుంది."

ఆమె చెప్పింది నిజమే. అబద్ధమైతే ఎంత బాగుండును.

"చెరుగు. ఆ కోడలు పిల్ల నిండు నెలలతో ఉండాది" అంటాడాయన.

మధ్యాహ్నం దాకా చెరుగుతాను. ఆయన నవ్వు పోతుంది. నడక పోతుంది. ఎడమ చెవి వెనకాల పుట్టుమచ్చ పోతుంది, అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. చివరికి పిడికెడు మిగులుతుంది.

బ్యాక్టీరియా లేచి రెండు కొమ్మల సందులో ఒదిగి కూర్చుంటుంది. "మా చిన్నాయన మనవరాలే!" అని పక్క కొమ్మ దగ్గరికి తీసుకుంటుంది. మేడం ఆసుపత్రికి ఫోన్ చేసి మందు పేరు రెండుసార్లు చెబుతుంది. ఇద్దరూ బతుకుతారు. నేను సంతోషించాలి, చేతకావడం లేదు.

చెరిగిన పొట్టు వరండాలో పోస్తాను. పిచ్చుకలు వచ్చి తింటాయి. తిన్నవి తిన్నట్టే ఎగిరి గాలిలో ఒక్కొక్కటే ఆగి, ఆయన చొక్కాగా నిలబడతాయి. కాలరుంది, జేబుంది. మూడో గుండీ చోట మాత్రం పిచ్చుక లేదు.

నా గొంతులో ఏదో రెక్కలు కొట్టుకుంటుంది. నోరు తెరిచి, ఆ పిచ్చుకను మెల్లగా బయటికి తీసి, స్టూలెక్కి, సూదిలో దారం ఎక్కిస్తాను.