ఇంజను చల్లారేదాకా

క్లినిక్ మలుపు దగ్గర వెర్నా ఫోర్టైన్ ఎప్పటిలాగే వృద్ధాశ్రమం బస్సు వేగం తగ్గించింది, తగ్గించడానికి అప్పటికే పెద్ద వేగమేమీ లేకపోయినా. వెనక సీట్లలో నడుం నొప్పులున్నాయి, కొత్తగా వేసిన తుంటి ఎముక ఒకటుంది. రోడ్డు మీద గతుకు ఎక్కడుందో ఆమె కంటే ముందు ఆమె పాదానికే తెలుసు. వెనకనుంచి ఒక టాక్సీ వ్యాను హారను మోగించి మోగించి, చివరికి విసుగుతో పక్కనుంచి దూసుకుపోయింది.

"వెర్నా, ఇందాక మనల్నొక కుక్క దాటిపోయింది," అంది ముందు సీట్లో కూర్చున్న ఎనిడ్ ఆంటీ. "దానికి మూడు కాళ్ళే ఉన్నాయి."

"అది ఖాళీగా పోతోంది ఆంటీ. నా బండిలో మీరున్నారు."

బస్సంతా నవ్వింది. వెర్నా కూడా నవ్వింది. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. ఎండాకాలమైనా తీయని నీలం స్వెట్టరు. గేరు మార్చీ మార్చీ ఎడమ అరచేతిలో కాయ కాసింది. యాభై ఆరేళ్ళ వయసులో ఆమె గురించి ఆశ్రమంలో అందరూ చెప్పే మాట ఒకటే: వెర్నా నడిపితే కప్పులో టీ తొణకదు.

ఆ మధ్యాహ్నం ఆమె ఒక ఎర్ర కారు చూడబోతోందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చిన్నది, రెండే తలుపులది, పాతది. కానీ దాని ముందు పెద్ద పెద్ద కార్లు కూడా దుమ్ము తినాల్సిందేనని కేప్‌టౌన్‌లో ఏ వీధిలో అడిగినా చెబుతారు. అటువంటి బండ్లతో చిక్కు కూడా అదే. కుర్రకారు చేతుల్లో నలిగి, గోడలకు గుద్దుకుని, కొత్త రంగు పూసుకుని పెళ్ళికూతుళ్ళలా అమ్మకానికి వస్తాయి. తీసుకెళ్ళిన వారానికే పొగ, మూలుగు, పడక.

అందుకే తోడుగా అక్క మొగుడు ఆల్రిక్‌ని పిలిచింది. ఆల్రిక్ ఒకసారి నవ్వుముఖం మనిషి దగ్గర పాత కారు కొని, దాన్ని ఇంటికి తోసుకొచ్చినవాడు. అప్పటినుంచి జేబులో అయస్కాంతం లేకుండా ఏ బండి దగ్గరికీ వెళ్ళడు.

"ఈ వయసులో నీకిదేం బుద్ధి మరదలా," అన్నాడు దారిలో. "నిదానంగా పోయే తెల్లకారు ఒకటి కొనుక్కుని, ఆదివారం చర్చికి పోయి రావచ్చుగా?"

"చర్చికి నడిచే పోతాను బావా. అది వీధి చివరే ఉంది."

గ్రాసీ పార్క్ పేటలో కారున్న ఇల్లు దొరికింది. అమ్మే మనిషి అచ్మట్ సాలీ గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగని తెల్ల అంగీలో ఉన్నాడు. బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే పని చేసి రిటైరయ్యాడు. మాట్లాడేటప్పుడు ముఖంలోకి చూడకుండా కొంచెం పక్కకు చూస్తున్నాడు.

"నేరుగా చూస్తే మధ్యలో మచ్చే కనబడుతుంది అమ్మాయీ," అన్నాడు. "పక్కనుంచి చూస్తే నువ్వు కనబడతావు. డాక్టరు నడపొద్దన్నాడు. అందుకే అమ్ముతున్నాను."

కారు దానిమ్మ గింజల్లా నిగనిగలాడే ఎరుపులో ఉంది. వెర్నా దాన్ని తాకకుండా దూరంగా నిలబడింది, కొత్త బట్టల కొట్లో నిలబడ్డట్టు. ఆల్రిక్ అయస్కాంతంతో తలుపులూ మడ్‌గార్డులూ అన్నీ తడిమాడు. అన్నిచోట్లా అతుక్కుంది. అంటే రంగు కింద సొట్టలు పూడ్చిన పుట్టీ లేదు, ఇనుమే ఉంది. అది అతనికి అంతగా నచ్చినట్టు లేదు. చివరికి బానెట్ మీద చెయ్యి పెట్టి, టక్కున తీసేశాడు.

"వేడిగా ఉంది," అన్నాడు. వెర్నాను గేటు దాకా లాక్కెళ్ళి గొంతు తగ్గించాడు. "పద పోదాం. మనం వచ్చేముందే ఇంజను వేడిచేసి పెట్టాడు. చల్లటి ఇంజనే నిజం చెబుతుంది. వేడెక్కాక ఏ ముసలి బండైనా పాట పాడుతుంది. నాకూ అలాగే పాడించి అంటగట్టారు."

వెర్నా దాచుకున్నదంతా ఈ ఒక్క బండికే. మళ్ళీ దాచుకునేంత కాలం లేదు. అయినా ఆమె వెనక్కి వెళ్ళి నేరుగా అడిగింది. "బాబాయిగారూ, ఇంజను వేడిగా ఎందుకుంది?"

ముసలాయన ముఖం ఎర్రబడింది. జవాబు వంటింటి కిటికీలోంచి ఆయన చెల్లెలు రుగాయా ఇచ్చింది.

"రోజూ అంతే తల్లీ. పొద్దున టీ తాగగానే దాంట్లో కూర్చుని స్టార్ట్ చేస్తాడు. ఎక్కడికీ పోడు. కళ్ళు మూసుకుని వింటాడు. నేనిక్కడ రేడియోలో వార్తలు విని ఎన్నాళ్ళయిందో."

"అమ్ముదామనుకున్న రోజు కూడానా?" అన్నాడు ఆల్రిక్.

"ఇవ్వాళ మీరొచ్చేదాకా వింటూనే ఉన్నాడు," అంది రుగాయా.

అచ్మట్ టోపీ సర్దుకున్నాడు. "శుక్రవారం నమాజుకి వెళ్ళి వస్తాను. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో బాబూ. నేను వచ్చేసరికి చల్లారుతుంది. అప్పుడు మీరే స్టార్ట్ చేయండి. ఒకటి ముందే చెబుతున్నాను, మొదట నీలం పొగ వస్తుంది. నూనె కొంచెం తాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు మొండికేస్తుంది, తొందరపెడితే అరుస్తుంది. ఇంకేవైనా గుర్తొస్తే వచ్చాక చెబుతాను." పొరుగాయన చెయ్యి పట్టుకుని మసీదు వైపు నడిచాడు.

ఆల్రిక్ కుర్చీ తెచ్చుకుని బానెట్ ముందు కాపలా కూర్చున్నాడు. రుగాయా సమోసాలు, యాలకుల టీ తెచ్చింది. వాటిని అనుమానించడం మాత్రం అతనికి చేతకాలేదు.

"నీకెందుకమ్మా ఈ దయ్యం?" అని రుగాయా వెర్నాను అడిగింది. "ఇంతకుముందు వచ్చినవాళ్ళంతా మీసాలు రాని కుర్రాళ్ళు. మా అన్న ఒక్కొక్కడి గొంతు విని పంపించేశాడు."

వెర్నా టీ ఊదుకుంటూ ఆలోచించింది. "మొదట్లో గుడ్ల వ్యాను నడిపాను. తర్వాత బడిపిల్లల బస్సు. ఇప్పుడు ముసలివాళ్ళు. ముప్పై ఏళ్ళుగా పగిలిపోయేవే మోశాను పిన్నిగారూ. ఒక్క బండినీ దాటి ఎరగను. పెళ్ళి కుదిరినప్పుడు కూడా, నిదానంగా చూద్దామన్నాను. అతను నిదానించలేదు."

రుగాయా నవ్వాలో వద్దో తెలియక ఆగింది. వెర్నా తనే ముందు నవ్వేసరికి ఆమె కూడా కడుపు పట్టుకుని నవ్వింది. ఆల్రిక్ కుర్చీలోంచి వెనక్కి తిరిగి చూశాడు. అతను ఈ సంగతి ఎప్పుడూ వినలేదు.

అచ్మట్ తిరిగొచ్చేటప్పటికి ఆల్రిక్ బానెట్ మీద చెంప ఆనించి ఉన్నాడు. "చల్లారింది," అని ఒప్పుకున్నాడు.

వెర్నా కూర్చుని తాళం తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గింది. ఆగింది. రెండోసారి తిప్పింది. వెనకనుంచి నీలం పొగ చుట్ట బయటికొచ్చి రుగాయా గులాబీ మొక్కల మీదుగా పోయింది. ఆ తర్వాత ఆ చిన్న బండి తన గొంతు తను సవరించుకుని, తేనెటీగల పట్టులా నిలకడగా మోగింది.

"చెప్పినట్టే వచ్చింది," అన్నాడు ఆల్రిక్ నిరాశగా. "పొగ కూడా చెప్పిన రంగే."

ముగ్గురూ బయలుదేరారు. ఆల్రిక్ వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కున్నాడు. రెండో గేరు మొండికేసింది. వెర్నా తొందరపెట్టలేదు, అది తనంతట తనే పడింది. అచ్మట్ తల ఊపాడు. మైజెన్‌బర్గ్ దాటి సముద్రం పక్క రోడ్డెక్కేసరికి గాలికి ఇసుక రోడ్డు మీద పాములా పాకుతోంది. ముందు కంకర లారీ ఒకటి ఈడ్చుకుంటూ పోతోంది. వెర్నా అలవాటుగా దాని వెనక సర్దుకుంది.

"ముందేముంది?" అన్నాడు అచ్మట్.

"లారీ, బాబాయిగారూ."

"ఎదురుగా?"

"ఎవరూ లేరు. రోడ్డు చాలా దూరం కనిపిస్తోంది."

"మరి దాని వాసన నచ్చిందా నీకు?"

వెర్నా గేరు తగ్గించి పాదం నొక్కింది. కారు ఉరకలేదు, ఎగిరింది. సీటు ఆమె వీపును వెనకనుంచి తోసింది. లారీ చక్రాలు, లారీ తలుపు, డ్రైవరు ఆశ్చర్యపోయిన ముఖం, అన్నీ పక్కనుంచి జారిపోయి, ముందర సముద్రమూ రోడ్డూ తప్ప ఏమీ మిగల్లేదు. ఆమెకు తెలియకుండానే గొంతులోంచి చిన్నపిల్లలా ఒక కూత వచ్చింది. పక్కన ముసలాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు.

"బావా, బతికే ఉన్నావా?"

"సమోసా మాత్రం వెనకబడిపోయింది," అన్నాడు ఆల్రిక్. మెడ ముందుకు చాచి, "ఇంకో లారీ ఏమైనా ఉందా?" అని అడిగాడు.

తిరిగొచ్చాక బేరం మాట్లాడలేదు. అడిగిన డబ్బంతా వెర్నా ఫోనులోంచి పంపింది, అచ్మట్ కాగితాల మీద చెల్లెలు వేలు పెట్టి చూపిన చోట సంతకం చేశాడు. బండి కప్పు మీద అరచేత్తో తట్టాడు. వెర్నా వీధిలోకి తిప్పి అద్దంలో చూసింది. ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖం బండి వైపు లేదు. చెవి ఇటు తిప్పి ఉంచాడు. మలుపు దాకా ఆమె కావాలనే గేరు మార్చకుండా, ఇంజను బాగా వినిపించేలా పోయింది.

ఇంటి ముందు ఆపాక ఆల్రిక్ వెనకనుంచి దిగలేక దిగుతూ డ్రైవరు సీటు కిందనుంచి ఒక మూట లాగాడు. పాత గుడ్డలో చుట్టిన బూట్లు, పలచటి తోలువి. వెర్నా వెంటనే ఫోను చేసింది.

"మరిచిపోలేదు తల్లీ," అంది రుగాయా. "బండి నడిపేటప్పుడే వేసుకునేవాడు. కావాలనే నీకు ఉంచాడు. ఇప్పుడు పెరట్లో కూర్చుని, ఇల్లింత నిశ్శబ్దంగా ఉంటుందా అంటున్నాడు. వార్తలు పెట్టాను. వింటున్నాడు."

వెర్నా మెట్ల మీద కూర్చుని బూట్లను ఒళ్ళో పెట్టుకుంది. శుభ్రంగా తుడిచి, లేసులు వదులు చేసి ఉన్నాయి. కుడి బూటు అడుగు బొటనవేలి కింద కాగితంలా అరిగిపోయి, సాయంత్రపు వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, అక్కడ నాణెమంత మేర ఎర్రగా మెరిసింది.