నల్లకారు మైలేజీ

జనగామ స్టేషన్ రోడ్డుల ఒక మిఠాయి దుకాణం ఉంటది. దాని మీది అర్రల మొగిలి గేమ్ సెంటర్ నడుపుతడు. పేరుకు సెంటర్ గని ఉన్నయి రెండు టీవీలు, రెండు ఆటపెట్టెలు, కాలిరిగిన కుర్చీలు కొన్ని. మాపటీలి అయ్యిందంటే పనులు ఇడిసిన పోరగాండ్లంత కింద బండ్లు ఆపి మెట్లెక్కుతరు. ఎన్ని ఆటలున్నా అందరు ఆడేది ఒక్కటే. ఏ దేశమో తెల్వదు, పెద్ద పట్నం, ఆ సడకుల మీద పోలీసుల కండ్లు గప్పి కార్లు ఉరికిచ్చుడు.

నిజం చెప్పాలంటే అక్కడ ఆడుడు తక్కువ, ఆట మీద అభిప్రాయాలు చెప్పుడు ఎక్కువ.

"బ్రేకులు జర ఆగి పడుతున్నయే," అంటడొకడు.

"బ్రేకులు గాదు, నీ ఏలు ఆగి పడుతంది," అంటడు పక్కనోడు.

"గంత పెద్ద పట్నంల ఒక్క బర్రె అడ్డం రాదు, ఒక్క ముసలవ్వ రోడ్డు దాటది. గదేం సడకురా?"

"పోలీసోళ్లు గంత దూరం ఎంటవడుతరు గని, ఒక్కడన్న హెల్మెట్ ఏదిరా అని అడుగుతడా?"

"గవన్ని ఇడువుండ్రి. రివర్స్ గేరు ఎందుకు పెట్టిన్రో చెప్పుండ్రి. పోటీల ఎవడన్న ఎనుకకు పోతడా?"

ఎవలేం చెప్పినా ఆఖరుకు మాట మైలేజీ కాడికే వస్తది. ఎందుకంటే మొగిలి దగ్గరి ఆటల కార్లు పెట్రోల్ తాగుతయి. ఎవని పేరు మీద ఆట తెరుస్తే వాని బండి ట్యాంకుల నుంచి తాగుతయి. బండి కింద మెట్ల కాడున్నా, రూము ముంగట ఉన్నా, ఊరవతల ఉన్నా వాటికి ఒక్కటే. చిన్న పోటీకి చాయ్ గిలాసెడు, పెద్ద పోటీకి సీసెడు. కొత్తగ వచ్చినోనికి మొగిలి మొదటి దినమే చెప్తడు, "చెప్పులు బయట ఇడువు, ట్యాంకు సూసుకొని ఆడు," అని. ఇండ్లల్ల అమ్మలు సుత "ఆటకు పోతున్నవా? వచ్చేటప్పుడు బంకుల ఆగి రా," అంటరు. దోమలున్న ఊర్లె దోమతెర కట్టుకున్నట్టు, గంతే.

ఇంకొక్క మాట గూడ మొగిలి చెప్తుండె. ఒకని పేరు మీద ఇంకొకడు ఆడొద్దు. ఈ మాట మాత్రం నవ్వకుంట చెప్తుండె.

వాళ్లందర్ల మంచిగ ఆడేటోడు రమేశ్. మానుకోట జిల్లా గంగారం అవతలి తండా పిలగాడు. జనగామల కిరాయి రూముల ఉండి, బండి మీద ఇంటింటికి పార్శిళ్లు పంచుతుండె. వానకాలమంత ఆడి ఆడి ఒక నల్లకారు గెలుచుకున్నడు. ఆ కారు ఇంకెవనికీ రాలే, రమేశ్ పేరు మీదనే తెరుసుకుంటది. మూలమలుపుల కాడ అది తిరిగే తీరు సూస్తే కింద మిఠాయి దుకాణపాయన గూడ జిలేబి పళ్లెం పట్టుకొని పైకొచ్చి నిలవడుతుండె.

ప్రశాంత్‌కు మాత్రం అది ఓర్వబుద్ధి కాలే. ప్రశాంత్‌ది బచ్చన్నపేట, జనగామ టైర్ల దుకాణంల పని. మనసు మంచిదే గని నోరు ఆగదు. "నల్లకారు ఉత్త షోకు అన్నా. ఒక్క పోటీకి నాలుగు సీసెలు తాగుడు తప్ప దానికేం రాదు. నా పసుపుకారు సూడు, సీసెల సగానికే పోటీ అయిపోతది," అంటుండె.

"నువ్వు దాన్ని నడుపలే గద తమ్మీ," అని నవ్వుతుండె రమేశ్. "నడిపినంక చెప్పు నీ అభిప్రాయం."

రమేశ్ తన ఇంటి ముచ్చట ఎక్కువ చెప్తుండకపోయె. చెప్పినా చెల్లె గురించే. చెల్లె పేరు సంగీత. నర్సు సదువు సదివి, భూపాలపల్లిల ఒక ప్రైవేటు దవాఖానల చేసి, సర్కారు నర్సు కొలువులు పడ్డయంటే అది ఇడిసిపెట్టి ఇంట్ల కూసొని సదువుతుండె. నాయిన హీరాలాల్‌కు పోయినేడు పక్షవాతం వచ్చి మంచం పట్టిండు. తల్లి సుక్కి ఒక్కతి ఆయనను తిప్పలేదు, లేపలేదు. గంగారం దవాఖానల నర్సు జాగా ఖాళీగ ఉండె. తండా నుంచి నడిచి పోయేంత దగ్గర. కొలువైతే బిడ్డ పొద్దుగాల తండ్రికి ఒళ్లు తుడిచి, తినవెట్టి పోతది, మాపటికి మల్ల ఇంట్ల ఉంటది. ఆ ఇంటికి ఉన్న ఆశంత గదే. గా నోటిఫికేషన్ ఎన్నేండ్లకో ఒక్కసారి పడతది, మల్ల ఎప్పుడు పడతదో దేవునికే ఎరుక.

పరీక్ష ఆదివారం పొద్దుగాల, మానుకోటల. శనివారం రమేశ్ ఇంటికి పోయిండు. ఎప్పుడు పోయినా రైలుకు మానుకోట దాక పోయి, అక్కడి నుంచి బస్సు పడుతుండె. ఈసారి బండి మీద పోయిండు. తండా నుంచి అంత పొద్దుగాల బస్సు లేదాయె, చెల్లెను తనే తీస్కపోవాలె. ఈ సంగతి మొగిలికి చెప్పిండు. ప్రశాంత్‌కు చెప్పలే. చెప్పాలని ఎవలకు తోస్తది?

ఆదివారం పొద్దుగాల్నే మొగిలి చర్చికి పోతడు. పోయేముందు తాళంచెవి ప్రశాంత్ చేతుల పెడతడు. ఆ దినం గూడ పెట్టి పోయిండు.

ప్రశాంత్ తలుపు తెరిచి ఊడుస్తుండంగనే ప్రదీప్ వచ్చిండు. పత్తి మిల్లుల పనోడు, రమేశ్ దోస్తు. రాంగనే, "పసుపుకారు నల్లకారు టైరు కింది దుమ్ముకు గూడ సరిరాదు," అని మొదలుపెట్టిండు. ప్రశాంత్ ఊకుంటడా! ఇద్దరి నడుమ మాట పెరిగింది. మైలేజీ అని ఒకడు, మలుపు అని ఒకడు.

"గిట్ల గాదు," అన్నడు ప్రశాంత్. "నల్లకారు తీద్దాం. నేనే నడుపుత. నడిపి చెప్పమన్నడు గద అన్న, నడిపే చెప్త."

"రమేశ్ పేరు మీదనా? మొగిలన్నకు తెలిస్తే చంపుతడు."

"అన్న రైలుకు పోయిండు. బండి రూము కాడ్నే ఉంటది. ఆయన వచ్చే వరకు నిండ పోసి పెడుదం. దాంట్ల ఏమున్నది?"

నిజమే, దాంట్ల ఏం లేదనే అనిపిచ్చింది ఇద్దరికీ. రూము కాడికి పోయి సూసొస్తే అయిపోతుండె. స్టేషన్ అవతలనే రూము. మెట్లు దిగి పోనీకే బద్ధకమైంది.

నల్లకారు తీసిన్రు.

గప్పుడు రమేశ్, సంగీత అడవిల ఉన్నరు. గంగారం దాటిన్రు, కొత్తగూడ ఇంకా రాలే. రెండు దిక్కుల టేకుచెట్లు, సడక్ మీద మంచు ఇంకా పోలే. సంగీత ఎనుక కూసొని హాల్ టికెట్ ప్లాస్టిక్ కవర్ల పెట్టి, కవరు కొంగుల సుట్టి పట్టుకున్నది. రమేశ్ ముంగట పెట్రోల్ ముల్లు సూసిండు. సగం మీద ఉండె. మల్ల సూస్తే సగం కింద ఉన్నది. మల్ల సూసేవరకు ఎర్రగీత కాడికి వచ్చింది. బండి రెండు సార్లు ఎగిరి ఆగింది.

ట్యాంకుకు బొక్క పడ్డదేమో అని సంగీత వంగి సూసింది. రమేశ్ సూడలే. వానికి సమజైంది.

"ఎవడో నా పేరు మీద ఆడుతుండు," అన్నడు.

బండి నూకుకుంట నూకుకుంట ఒక గుడిసె దుకాణం కాడికి పోయిన్రు. అక్కడ సీసెలల్ల పెట్రోల్ అమ్ముతరు. ఒక సీసె పోసిండు. బండి స్టార్టయ్యింది, జర దూరం పోయింది, మల్ల ఆగింది. జనగామల రెండో పోటీ షురువైంది. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. చెల్లెను బండి కాడ నిలవెట్టి, పక్కనున్న గుట్ట ఎక్కిండు. ఆ గుట్ట మీద ఒక పెద్ద బండ ఉంటది, దాని మీద నిలవడితే సిగ్నల్ దొరుకుతది. మొగిలికి చేసిండు. మొగిలి ఫోన్ బందు ఉన్నది, ప్రార్థనల ఉంటడు. ప్రశాంత్‌కు చేసిండు.

జనగామల ఫోన్ మోగింది. ప్రశాంత్ ఓరకంటితోటి సూసిండు. రమేశన్న అని పేరు కనవడ్డది. అన్నకు తెలిసిపోయింది, తిడుతడు, అనుకున్నడు. ముంగట ఆఖరి మలుపు, నల్లకారు నిజంగనే పాము లెక్క తిరుగుతుంది, వాని అభిప్రాయం వాని చేతులల్లనే మారిపోతుంది. ఈ ఒక్క పోటీ అయినంక ఎత్తుదమని ఫోన్ బోర్లేసిండు. అది మల్ల మోగింది. మల్ల మోగింది. పోటీ అయిపోయే వరకు మోగుడు బందైంది. బందైంది గద, అంత అక్కరది కాదేమో అనుకొని వాడు మూడోది పెట్టిండు.

ఆడ అడవిల ఎంతసేపటికో పాల ఆటో ఒకటి వచ్చింది. క్యాన్ల నడుమ సంగీతను ఎక్కిచ్చుకున్నది. ఆమె గూడూరుల దిగి బస్సు పట్టుకున్నది. మానుకోటల బస్సు దిగి ఉరికింది, చెప్పు తెగితే చేతుల పట్టుకొని ఉరికింది. పోయే వరకు గేటు ఏసిన్రు. ఒక్క నిమిషం ఆలస్యమైనా రానియ్యరు, అది అందరికీ తెలిసిన కానూనే. గేటు అవతలున్నాయన మంచోడే, "ఏం చెయ్యాలె బిడ్డా, నా చేతుల లేదు," అని తల దించుకున్నడు. ఆమె గేటు ఊసలు పట్టుకొని, లోపటోళ్లు పరీక్ష రాసి బయటికొచ్చే దాక అక్కడ్నే నిలవడ్డది.

మూడు దినాలకు రమేశ్ జనగామ వచ్చిండు. ఇగ ఇంటికాడ్నే ఉండనీకె రూము ఖాళీ చేసి, మూట బండికి కట్టుకొని, మొగిలికి చెప్పిపోదమని మెట్లెక్కిండు. అప్పటికే ముచ్చట అందరికీ తెలిసింది. టీవీల కార్లు ఉత్తగనే గుర్రుమంటున్నయి.

ప్రశాంత్ లేచి నిలవడ్డడు. "అన్నా, రైలుకు పోయినవనుకున్ననే."

"అనుకున్నవు, సరే. తెల్వక చేసినవు, సరే," అన్నడు రమేశ్. "ఫోన్ ఎందుకెత్తలే తమ్మీ?"

ప్రశాంత్ వినవడలేదని అబద్ధం చెప్పబోయి నడుమల్నే ఇడిసిపెట్టిండు. రమేశ్ మొగిలి భుజం మీద చెయ్యేసిండు, దిగిపోయిండు.

గప్పటి సంది ప్రశాంత్ నోరు పడిపోయింది. పసుపుకారు బాగుందా, నల్లకారు బాగుందా అని అడిగితే, "నాకు తెల్వదు," అంటుండె. దుకాణంల టైర్లు ఎక్కిచ్చేటప్పుడు ఎవని ఫోన్ మోగినా ఉలిక్కిపడుతుండె. అన్నం కాడ కూసుంటే ఆ మోగుడే చెవులల్ల. పాపం అనాలంటే అనొచ్చు, గని చేసింది వాడే గద.

ఒకనాడు ఆడుతుంటే పసుపుకారు గోడకు ఇరికింది. రివర్స్ గేరు ఏసి శానా దూరం ఎనుకకు నడిపిచ్చిండు. ఇంటికి పొయ్యేటప్పుడు సూస్తే బండి ట్యాంకుల ఆడకముందు ఉన్నదానికన్న ఎక్కువ పెట్రోల్ ఉన్నది. మర్నాడు మల్ల నడిపి సూసిండు. ముంగటికి పోతే తాగే కారు, ఎనుకకు పోతే కక్కుతుంది. రివర్స్ గేరు ఎందుకు పెట్టిన్రో గప్పుడు సమజైంది.

ఉరుకుతనే మొగిలి కాడికి పోయిండు. "అన్నా, రమేశన్న పేరు ఒక్కసారి తెరువనియ్యే. ఎనుకకు నడిపి ఆయన ట్యాంకు నింపుత."

మొగిలి తల అడ్డంగ ఊపిండు. "పేరు ఎవనిదో వాన్ని అడిగి రా."

ఫోన్ చేస్తే రమేశ్ ఎత్తలే. ఎత్తుతడా మరి? ప్రశాంత్ బండేసుకొని జనగామ నుంచి ఆ అడవి దాక పోయిండు. తండాల సుక్కి వీడెవడో తెల్వక, "కూసో బేటా," అని చెంబుతోటి నీళ్లిచ్చింది. మంచంల హీరాలాల్ ఒక చెయ్యి లేపి ఏదో అన్నడు, మాట తెలుస్తలేదు. రమేశ్ ఇంటి ఎనుక మిరపచేన్ల ఉన్నడు. ప్రశాంత్ గట్టు మీద నిలవడి అంత చెప్పిండు, ఏడ్చుకుంటనే చెప్పిండు.

రమేశ్ వంగినోడు లేవలే. "నడుపుకో. అడగకుంటనే వాడుకున్నవు గద నా పేరు, ఇప్పుడేం అడుగుతవు," అన్నడు. మల్ల తనే అన్నడు, "బండి నా కాడ లేదు. చెల్లె తీస్కపోయింది."

సంగీత మల్ల భూపాలపల్లి దవాఖానకే పోయింది. అక్కడ్నే రూము తీసుకున్నది. శనివారం మాపటీలి అడవిల పడి ఇంటికొస్తది, తండ్రికి ఒళ్లు తుడిచి బట్టలు మారుస్తది, ఆదివారం పొద్దుగాల మల్ల బండెక్కుతది. మిగిలిన దినాలు రమేశ్ చేన్ల ఉంటే సుక్కి ఒక్కతే ఆ మనిషితోటి కష్టపడుతది.

గప్పటి సంది ప్రతి ఆదివారం ప్రశాంత్ సెంటర్ల నల్లకారు ఎనుకకు నడుపుతడు. పట్నమంత ఎనుకకు, వంతెనల మీద ఎనుకకు, ఎదురొచ్చే కార్లన్ని హారన్ కొడుతుంటే ఎనుకకు. టీవీల తప్పు దారి, తప్పు దారి అని ఎర్రగ వస్తనే ఉంటది. ప్రతి పోటీల ఆఖరోడు వాడే. కొత్త పోరగాండ్లు, "గంత మంచి కారును ఖరాబ్ చేస్తుండు," అని వాళ్ల అభిప్రాయం చెప్తరు. ఫోన్ పక్కన కుర్చీల పెట్టుకుంటడు, మొకం పైకే, సౌండు నిండ పెట్టి.

పోయిన ఆదివారం అది మోగింది. తెల్వని నెంబరు. రెండో మోత రాకముందే ప్రశాంత్ ఎత్తిండు. చేతిల ఉన్న ఆట రిమోట్ కింద పడ్డది, నల్లకారు పోయి గోడకు గుద్దుకున్నది.

"ప్రశాంతేనా? నేను సంగీతను. గుట్ట మీది నుంచి చేస్తున్న." గాలికి మాట ఎగిరెగిరి వస్తుంది. "జర ఆపు. ట్యాంకు నిండి పొర్లుతంది."

"ఆపిన అక్కా. ఆపిన."

ఆమె ఫోన్ పెట్టేస్తలేదు. ప్రశాంత్‌కు ఏమన్న అనాలనిపిచ్చింది, మాఫ్ చెయ్యి అనాలనిపిచ్చింది, గని వేరే మాట వచ్చింది.

"అక్కా, పెట్రోల్ గురించి నువ్వు ఇగ పరేషాన్ గాకు. నువ్వు ఎన్నేండ్లు తిరిగినా నేను నింపుతనే ఉంట."

"నింపుతవు. నాకు తెలుసు," అన్నది సంగీత. గొంతుల కోపం లేదు, అలిసిపోయి ఉన్నది. "గని తమ్మీ, ఆ పరీక్ష రాసుంటె నాకు పెట్రోలే అక్కరలేకుండె. ఇంటి నుంచి నడిచి పోదును."

ఫోన్ పెట్టేసింది. టీవీల నల్లకారు గోడకు ఆనుకొని ఉన్నది, ఇంజను ఆగలే. కాసేపైనంక మొగిలి చర్చి నుంచి వచ్చి, అది అట్లనే నడుస్తుందని, స్విచ్చి బందు చేసిండు.