పెద్దవాళ్ళ టికెట్లు

కెజియా ఆ సంగతి మొదట బయటపెట్టింది తన బ్యూటీ పార్లర్‌లోనే. కుర్చీలో వెనక్కి వాలిన సాయిలక్ష్మికి ఒక కనుబొమ దిద్దడం అయిపోయింది. రెండోదానికి దారం సరిచేసుకుంటూ కెజియా మామూలుగానే అంది.

"దసరా సెలవులకి సింగపూర్ పోతుండాం సాయిలక్ష్మీ. నాలుగు రోజులే. ఆడ పెద్ద థీమ్ పార్కు ఉండాది కదా, దానికి."

సాయిలక్ష్మి కళ్ళు తెరిచింది. "ఎవరి బిడ్డల్ని తీసకపోతుండారు?"

"ఎవర్నీ లేదు. నేనూ, మా ఆయనా."

"ఆయనకి ఆడ పనేమన్నా ఉండాదా?"

"పనేం లేదు. రైడ్లు ఎక్కడానికే."

సాయిలక్ష్మి "ఓహో" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. రెండో కనుబొమ అయ్యేదాకా నోరు విప్పలేదు. ఆ పార్లర్‌లో సాయిలక్ష్మి అంతసేపు మౌనంగా ఉండటం కెజియా ఎప్పుడూ చూడలేదు.

ఇందుకూరుపేట సెంటర్లో కెజియా పార్లర్. దాని వెనక వీధిలో ఆమె భర్త కిషోర్ బాబు షెడ్డు. రొయ్యల చెరువుల్లో గాలి కోసం నీళ్ళను చిలికే ఏరేటర్లను అతను బాగుచేస్తాడు. పెళ్ళయి పదేళ్ళు దాటింది, పిల్లలు లేరు. చాలాకాలం చెన్నైలో ఒక ఆసుపత్రి చుట్టూ తిరిగారు. కిందటేడు అక్కడినుంచి తిరిగొస్తూ, కారు దిగకముందే, ఇక చాలు అనుకున్నారు ఇద్దరూ. ఎవరు ముందు అన్నారో కూడా గుర్తులేదు. కొన్నాళ్ళు ఇల్లు బోసిగా అనిపించింది. తర్వాత మెల్లగా తేలికపడింది. సాయంత్రాలు మైపాడు బీచికి వెళ్ళడం, రాత్రి భోజనాలయ్యాక ఫోనులో వీడియోలు చూసుకోవడం అలవాటయ్యాయి. అలా చూస్తున్నప్పుడే ఒకరోజు పట్టాలమీద గిర్రున తిరిగే రైలుబండి ఒకటి కంటపడింది. అందులో కూర్చున్నవాళ్ళంతా చేతులు పైకెత్తి, నోళ్ళు తెరిచి, ఒకటే అరుపులు. కెజియా ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ చూసింది.

"పోదామా?" అంది.

"పోదాం" అన్నాడు కిషోర్ బాబు. అతను అంత త్వరగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అత్తగారింట్లో భోజనం. అత్తగారు జయశీల తన కొడుకు కంచంలో చేపముక్క వేస్తూ విషయమంతా విన్నది.

"పోతే పొయ్యారు గానీ, అట్టాంటి చోటికి బిడ్డలు లేకుండా పోతే చూసేవాళ్ళు ఏమనుకుంటారబ్బయా?"

"సింగపూర్‌లో మనల్ని చూసేవాళ్ళు ఎవరుండారమ్మా?"

"దేవుడు చూస్తాడు కదరా."

"మాకు బిడ్డలు లేరని దేవుడికి తెలుసు కదమ్మా."

జయశీల సాయంత్రానికల్లా కావలిలో ఉన్న కూతురు డెబోరాకు ఫోన్ చేసింది.

డెబోరా కిషోర్ బాబుకి అక్క. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఏ సమస్య చెప్పినా అక్కడికక్కడే పరిష్కారం చూపించకపోతే ఆమెకు నిద్రపట్టదు. మర్నాడు పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేసి, తన కూతుళ్ళు రోజా, రెజీనాలను కూడా తీసుకెళ్ళమని, వాళ్ళకు వెంటనే పాస్‌పోర్టులు తీయిస్తానని చెప్పింది. పిల్లలకు ఇప్పుడే చెప్పనని, అన్నీ కుదిరాక చెబితే సంబరపడతారని కూడా అంది. కిషోర్ బాబు షెడ్డులో నిలబడి "సరే అక్కా" అన్నాడు.

ఆ మాట అతను రాత్రి ఇంట్లో చెప్పాడు. కెజియా వీసాకి పెట్టాల్సిన ఫోటోల్లో ఏది బాగుందో చూస్తోంది. తలెత్తలేదు.

"నన్నొక మాట అడగాలని అనిపించలా?"

"అక్క అడిగితే కాదని ఎట్టా అంటాం? బిడ్డలు బాగుంటారు, నీకూ తోడుంటారు."

"నాకు తోడు మీరనుకున్నా."

ఆమె ఫోటోలను కవరులో పెట్టేసి వెళ్ళి పడుకుంది. ఆ తర్వాత కొన్ని రోజులు ఇంట్లో సింగపూర్ మాట రాలేదు. పార్లర్‌లో ఎవరైనా అడిగితే, ఇంకా ఏమీ ఖాయం కాలేదని చెప్పేది. ఆమెను పిల్లల సంగతి బాధపెట్టలేదు. రోజా, రెజీనా అంటే ఆమెకు ప్రాణం. ఆమె మనసులో పడ్డ ముల్లు వేరే. పక్కన పిల్లలు లేకుండా నలుగురిలో కనబడటానికి కిషోర్ బాబుకి కూడా నామోషీగా ఉందేమో. ఇన్నాళ్ళూ ఊరు అనుకున్నదే, ఆసుపత్రి మానేశాక కూడా, అతని లోపలా ఉండిపోయిందేమో. అడిగితే ఏం చెబుతాడోనని అడగలేకపోయింది.

నెల్లూరులో ఎగ్జిబిషన్ పెట్టారు. సింగపూర్ వెళ్ళేముందు అక్కడి రైడ్లు ఎక్కి కాస్త అలవాటుపడదామని ఇద్దరూ ముందే అనుకున్నారు. మాటలు అంతంతమాత్రంగానే ఉన్నా, అనుకున్న శనివారానికి బండి మీద బయల్దేరారు.

కెజియా తిన్నగా కొలంబస్ దగ్గరకు నడిచింది. అటూ ఇటూ ఊగే ఆ పెద్ద పడవలో చివరి వరుస ఎంచుకుంది. చివర కూర్చుంటేనే బాగా పైకి లేస్తుందని పార్లర్‌కి వచ్చే కాలేజీ అమ్మాయిలు చెప్పారు. కిషోర్ బాబు మధ్యలో ఖాళీగా ఉన్న సీట్లవైపు ఒకసారి చూసి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

పడవ మొదట మెల్లగా ఊగింది. నాలుగో ఊపుకి నెల్లూరు దీపాలన్నీ కాళ్ళకింద కనబడ్డాయి. కిందికి జారేటప్పుడు కెజియా నోరు దానంతటదే తెరుచుకుంది. ఆమె అరిచింది. ఆ గొంతు తనదేనా అని ఆశ్చర్యపోతూనే మళ్ళీ అరిచింది. పడవ ఆగేదాకా అరుస్తూనే ఉంది.

దిగాక పక్కకు చూస్తే కిషోర్ బాబు లేడు. ఇనుప కంచె పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ, సోడా బండి దగ్గరి ప్లాస్టిక్ కుర్చీ వైపు పోతున్నాడు. ముఖంలో రక్తం లేదు. కెజియా పరుగెత్తి, ఉప్పు వేసిన నిమ్మసోడా కలిపించి ఇచ్చింది. సగం తాగాక అతనికి మాట వచ్చింది.

"కెజియా, ఒకటి చెప్తా. కోప్పడొద్దు."

"చెప్పండి."

"అక్క బిడ్డల్ని తీసకపోదామన్నానే. వాళ్ళుంటే నీతో వాళ్ళెక్కుతారు, నేను కింద బ్యాగులు పట్టుకొని నిలబడొచ్చు అనుకున్నా. అంతే."

కెజియా అడిగింది. "ఇంకేం లేదా?"

"ఇంకేముంటది? నాకు భయం. బండి మీద ఎవరి వెనకన్నా కూర్చోవాలన్నా భయమే. మనిద్దరం పోయేటప్పుడు ఎప్పుడన్నా నిన్ను నడపనిచ్చినానా?"

"మరి పోదామా అంటే వెంటనే పోదాం అన్నారే?"

"నువ్వు ఆ వీడియో చూసేటప్పుడు నీ మొహం చూసి అన్నా."

కెజియాకు నవ్వొచ్చింది. సోడా బండివాడు కూడా తిరిగి చూసేంతగా నవ్వింది. నవ్వు ఆగాక పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, ఇన్ని రోజులూ తను ఏమనుకుందో చెప్పింది. కిషోర్ బాబు గ్లాసు కింద పెట్టాడు.

"నాకట్టా ఎప్పుడూ అనిపించలా" అన్నాడు. "ఒక్కరోజు కూడా."

ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసింది. కొలంబస్ మళ్ళీ నిండి ఊగడం మొదలుపెట్టింది. అతను అటు చూడకుండా కుర్చీ తిప్పుకున్నాడు.

"అక్కకి మాత్రం నువ్వే చెప్పాలి. నావల్ల కాదు."

"రైడూ నేనే ఎక్కాల, వదినకీ నేనే చెప్పాల. మీరెందుకింక?"

"బ్యాగులకి."

మరుసటి ఆదివారం సాయంత్రం కెజియా రైల్లో కావలి వెళ్ళింది. డెబోరా మేడ మీద ఆరిన బట్టలు తీస్తోంది. కెజియా కూడా తీగమీది బట్టలు అందుకుంటూ, దారంతా కూడబలుక్కున్న మాట అనేసింది.

"వదినా, రోజానీ రెజీనానీ ఇంకోసారి తీసకపోతాం. ఈసారికి వద్దు."

డెబోరా చేతిలో మడత ఆగింది. "నేను మీకోసమే అన్నా కెజియా. ఆడ అందరూ బిడ్డలతో ఉంటారు. వాళ్ళ మధ్యలో మీరిద్దరే తిరగతా ఉంటారని తలుచుకుంటే నాకే ఎట్టనో అయింది."

"మీరు మంచికే అన్నారు, నాకు తెలుసు. కానీ బిడ్డలతో పోతే వాళ్ళకి ఆకలేస్తుండాదా, యాడన్నా తప్పిపోతారా, ఇదే సరిపోతది. నేను పోయేది నాకోసం వదినా. నాకు గట్టిగా అరవాలని ఉండాది."

"అరవడమేంది?"

"అన్నేళ్ళు చెన్నైకి తిరిగినాం కదా. ఆడ నర్సమ్మ ఒకామె, నొప్పిగా ఉంటే అరువమ్మా పర్లేదు అనేది. ఒక్కసారి కూడా అరవలా నేను. పార్లర్లో మెల్లగా మాట్లాడాల, చర్చిలో మెల్లగా పాడాల. మొన్న కొలంబస్ ఎక్కి అరిచినా. దిగినాక ఒళ్ళంతా తేలికైపోయింది. ఒక్కరు కూడా నా వైపు చూడలా, అందరూ అరస్తానే ఉండారు."

కింద టీవీ రిమోట్ కోసం ఆడపిల్లలిద్దరూ కొట్టుకుంటున్నారు. "అమ్మా" అని రోజా పిలిచింది. "అమ్మా, దాన్ని చూడు" అని రెజీనా పిలిచింది. డెబోరా భర్త రూఫస్ కూడా కిందనుంచి ఆమెనే కేకేసి, టీ పొడి డబ్బా ఎక్కడుందని అడిగాడు. ఆమె దేనికీ పలకలేదు. దుప్పటి మడతపెట్టడం పూర్తిచేసి, పిట్టగోడ మీద పెట్టింది.

"ఆ పార్కులోకి బిడ్డలు లేకుండా పెద్దోళ్ళు పోవచ్చా?"

"ఎందుకు పోకూడదు? టికెట్ ఉంటే చాలు."

"బిడ్డలుండీ ఇంట్లో వదిలేసి వచ్చినోళ్ళు?"

కెజియాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. డెబోరా ఆమెవైపు చూడకుండా, తీగమీద మిగిలిన క్లిప్పులు ఒక్కొక్కటే తీస్తూ చెప్పుకుపోయింది.

"మీ అన్నయ్య కువైట్‌లో ఉన్నప్పుడు పాస్‌పోర్టు తీసినా. పోదాం పోదాం అంటానే ఆయనే తిరిగొచ్చేసినాడు. ఒక్క ముద్ర కూడా పడలా దాంట్లో. యాడికన్నా పోవాలంటే స్కూలు పిల్లోళ్ళతోనన్నా పోతా, లేదంటే ఇంట్లో పిల్లోళ్ళతోనన్నా పోతా. ఎప్పుడూ తలకాయలు లెక్కపెట్టుకోవడమే. మీకు ఇబ్బందయితే వద్దులే."

ఇద్దరమే వెళ్ళాలని కెజియా మొదట అనుకున్నమాట నిజమే. కానీ సోడా బండి దగ్గర కిషోర్ బాబు ముఖం గుర్తొచ్చింది.

"వదినా, అవి తలకిందులుగా తిప్పతాయి. భయం లేదా మీకు?"

"ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తుండా. నాకింకేం భయం."

రాత్రికి ఆ వార్త విని కిషోర్ బాబు ఫోన్‌లోనే "ప్రభువుకు స్తోత్రం" అన్నాడు. రూఫస్ మొదట ఇది వేళాకోళం అనుకున్నాడు. డెబోరా పాస్‌పోర్టు తీసి బల్లమీద పెట్టాక, టీ పొడి డబ్బా మొదలుకొని ఇంట్లో ఏవి ఎక్కడుంటాయో ఆమె వెనకే తిరిగి తెలుసుకున్నాడు. ఆ వారమే కెజియా టికెట్లు బుక్ చేసింది. పెద్దలు ఎందరని అడిగినచోట మూడు నొక్కింది. పిల్లలు ఎందరని అడిగినచోట సున్నా నొక్కింది. వేలు తడబడలేదు.

ఆ తర్వాత ప్రయాణం సగం డెబోరా చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఏ రైడు దగ్గర ఎప్పుడు జనం తక్కువుంటారో, దేని తర్వాత ఏది ఎక్కితే నడక తగ్గుతుందో రోజూ రాత్రి ఫోన్ చేసి చెప్పేది. తమ్ముడికి నీళ్ళసీసాలు, టోపీలు, వాళ్ళు దిగేటప్పుడు ఫోటోలు తీసే బాధ్యత అప్పగించింది. అతను ఏ ఒక్కదానికీ అభ్యంతరం చెప్పలేదు.

జయశీల మాత్రం రెండు రోజులు ముభావంగా ఉంది. "లేనోళ్ళు సరే. ఉన్నది కూడా వదిలేసి పోతుండాది. నేనింకేం చెప్పేది" అని కెజియాతో అంది. మూడో రోజు తనే అడిగింది. "ఆ తిరిగేవాటికి బెల్టులు గట్టిగా కడతారా మేయ్?"

బయల్దేరే రోజు పొద్దున డెబోరా, రూఫస్, ఆడపిల్లలు ఇందుకూరుపేట వచ్చారు. సెలవులన్నీ పిల్లలకు అమ్మమ్మ ఇంట్లోనే. కారు వాకిట్లో ఉండగా జయశీల అందర్నీ నిలబెట్టి ప్రార్థన చేసింది. విమానాన్ని, దాన్ని నడిపేవాళ్ళను, వీసా చూసే అధికారులను పేరుపేరునా దేవుని చేతికి అప్పగించి, చివర్లో ఆ యంత్రాల నట్లూ బోల్టులూ బిగుసుకొని ఉండేటట్లు చూడమని వేడుకుంది. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది కిషోర్ బాబే.

పిల్లలు ఏడుస్తారని డెబోరా ముందే సిద్ధపడింది. ఓదార్చడానికి ఏం చెప్పాలో కూడా అనుకుంది. రోజా కారు దగ్గరకొచ్చి, చాక్లెట్లు మర్చిపోవద్దని చెప్పి లోపలికి పోయింది. రెజీనా కిటికీలోంచి చెయ్యి ఊపింది, రెండో చేతిలో పూరీ ఉంది. కారు మలుపు తిరిగింది.

నాయుడుపేటలో టిఫిను కోసం ఆగారు. హోటల్లో కూర్చున్నాక డెబోరా అంది.

"చిన్నదన్నా కొంచెం ఏడవాల్సింది."

"ఫోన్ చేసి ఏడవమని చెప్దామా?" అన్నాడు కిషోర్ బాబు.

డెబోరా నిజంగానే ఫోన్ చేసింది. రెజీనా ఎత్తింది. "అమ్మా, నాయన మమ్మల్ని మైపాడు బీచికి తీసకపోతుండాడు, మళ్ళా చెయ్యి" అని పెట్టేసింది. డెబోరా ఫోనును ఒక్క క్షణం చూసి, బ్యాగులో వేసి, ఆ బ్యాగును తమ్ముడి ఒళ్ళో పెట్టింది. తర్వాత కెజియా వైపు తిరిగింది.

"ఇంకో దోశ చెప్పు. నెయ్యి జాస్తిగా వెయ్యమను. తొందరేం లేదు మనకి."