అత్తగారి పొగ

పొద్దున్నే టీచరమ్మ చేసే మొదటి పని బానెట్ ఎత్తి ఆయిలు చూడటం. పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, వెలుతురుకేసి పట్టుకుని చూస్తుంది. ఎప్పుడు చూసినా తగ్గే ఉంటుంది. "నిన్న పోసిందంతా తాగేశావా తల్లీ?" అని విసుక్కుంటూనే డబ్బాలోంచి మరికాస్త పోస్తుంది. తర్వాత సీట్లో కూర్చుని తాళం తిప్పుతుంది. వెనక గొట్టంలోంచి నీలంగా పొగ లేస్తుంది. అప్పుడావిడ అద్దంలో చూస్తూ, "నీ స్టీరింగు తిరిగినంత మెత్తగా ఈ ఊళ్ళో ఏ బండిదీ తిరగదు" అంటుంది. పొగ పలచబడుతుంది. పాఠం మొదలవుతుంది.

ఊళ్ళో సగం మంది డ్రైవింగు నేర్చుకున్నది ఆ పాతకాలం కారు మీదే. గేరు మొరటుగా వేస్తే గుర్రుమంటుంది. క్లచ్ తొందరపడి వదిలితే అలిగి ఆగిపోతుంది. ఎంత జాగ్రత్తగా నడిపినా ఏదో ఒక వంక పెట్టకుండా ఉండదు. అందుకే నేర్చుకునేవాళ్ళు దానికి అత్తగారని పేరు పెట్టారు. ఆ పేరు దానికి అతికినట్టు సరిపోయింది.

పొగడ్త సంగతి పొరపాటున బయటపడింది. ఒకసారి మెకానిక్ నడుస్తున్న ఇంజను మీదికి వంగి, "ముందు పొగ ఆగాలమ్మా!" అని అరిచాడు. ఆ చప్పుడులో టీచరమ్మకి "ముందు పొగడాలమ్మా" అని వినబడింది. అత్తగార్ని పొగడటం రాని కోడలెవరు? వెంటనే, "ఎంత పాతదానివైనా నీ బ్రేకు మాట తప్పదు" అనేసింది. పొగ సగానికి సగం తగ్గింది. మెకానిక్ వెనక్కి వెళ్ళి గొట్టం చూసొచ్చి, "సరే, అదీ ఒక దారే" అని చేతులు తుడుచుకున్నాడు.

కాకపోతే అత్తగారి దగ్గర ఉత్తుత్తి మాటలు చెల్లవు. నేర్చుకోడానికొచ్చిన నర్సు ఒకావిడ "నీ హారన్ అచ్చం కోయిల కూతే" అన్న రోజున వీధి వీధంతా దగ్గింది. పొగిడితే నిజమే పొగడాలి.

ఆ ఇంట్లో పొగడ్త తెలియని మనిషి ఒకాయన ఉన్నాడు. టీచరమ్మ భర్త. త్రాసులు బాగుచేస్తాడు. మాట తూచి మాట్లాడతారంటారే కొందర్ని, ఈయన తూచడంతోనే ఆపేస్తాడు. కూర బాగుంటే ఇంకోసారి వడ్డించుకుంటాడు. ఆవిడ కొత్త బట్టలు వేసుకుంటే కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. అంతకు మించి రాబట్టడం ఎవరి తరమూ కాలేదు. "ఈయన నోట్లోంచి ఒక మెచ్చుకోలు రావాలంటే రెంచి పెట్టి తిప్పాల్సిందే" అని టీచరమ్మ పదిమందిలో నవ్వేది. నవ్వేది కానీ, ఆ లోటు ఆవిడ మనసులో ఉండనే ఉంది.

ఈ ఏడు పొగ పరీక్ష దగ్గరపడింది. ఈసారి కూడా తప్పితే బండిని తుక్కుకి పంపించేస్తామని ఇన్‌స్పెక్టరు ముందే చెప్పాడు. అత్తగారు పోతే డ్రైవింగు స్కూలూ పోయినట్టే. ఇంకో కారు కొనుక్కోమని ఉచిత సలహా ఇచ్చిన పక్కింటావిడతో టీచరమ్మ వారం పాటు మాట్లాడలేదు.

మెకానిక్ తనకి చేతనైనంతా చేశాడు. వాల్వు సీళ్ళు మార్చాడు. చిక్కటి ఆయిలు పోశాడు. పూడుకుపోయిన గొట్టాలు కడిగాడు. "ఇక మిగిలింది పిస్టన్ రింగులమ్మా. అవి అరిగిపోయి ఆయిల్ని పైకి వదిలేస్తున్నాయి. ఆ ఆయిలు మండే ఇంత పొగ. మారుద్దామంటే ఆ రింగులు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడింది. మిగతాది నోటితోనే నెట్టుకురావాలి" అన్నాడు.

పరీక్ష రోజున రవాణా ఆఫీసుకి నర్సు వచ్చింది, రొట్టెల కొట్టాయన వచ్చాడు, పోస్ట్‌మాన్ వచ్చాడు. అందరూ అత్తగారి శిష్యులే. త్రాసులాయన మాత్రం పొగడ్డానికి రాలేదు. మందుల దుకాణం వాళ్ళ త్రాసు ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. పరీక్ష అయ్యాక ఆయన్ని అక్కడ దింపాలి.

ఇన్‌స్పెక్టరు గొట్టంలో మీటరు పుల్ల దూర్చి, "ఊఁ, యాక్సిలరేటరు తొక్కండి. పొగిడేవాళ్ళు పక్కన నిలబడి పొగడండి" అన్నాడు.

టీచరమ్మ తొక్కింది. నీలం పొగ బుస్సుమంది. నర్సు బ్రేకుని మెచ్చుకుంది. రొట్టెల కొట్టాయన దీపాల్ని మెచ్చుకున్నాడు. పోస్ట్‌మాన్ తలుపు చప్పుడు దగ్గర్నుంచి సీటు మెత్తదనం దాకా ఏదీ వదల్లేదు. అన్నీ నిజాలే, పొగ మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

మెకానిక్ తల గోక్కున్నాడు. "రింగుల్లాగే ఈ పొగడ్తలూ అరిగిపోయాయమ్మా. ఇదివరకు విననిది కావాలి."

అందరూ వెనక సీటు వైపు తిరిగారు.

త్రాసులాయన ఇబ్బందిగా కదిలాడు. "బాగుంది" అన్నాడు.

పొగ ఒక్కసారిగా నల్లబడింది. ఇన్‌స్పెక్టరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాడు.

"మీరు ఊరుకోండి" అంది టీచరమ్మ. "ఎలాగూ పోతోంది. పోయేముందు దాన్ని ఏడిపించకండి."

ఆయన ఒళ్ళో ఉన్న త్రాసుకేసి చూశాడు. తర్వాత, ఎవరితో చెబుతున్నాడో తనకే తెలియనట్టు, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"నేను బస్సెక్కితే త్రాసు ముల్లు ఎగిరెగిరి పడుతుంది. దుకాణానికి వెళ్ళాక మళ్ళీ మొదట్నుంచి సరిచేసుకోవాలి. ఈవిడ నడిపితే ఆ పని లేదు. ఈవిడ గేరు మారుస్తుంటే నేను ముల్లునే చూస్తూ కూర్చుంటాను. వెంట్రుకవాసి కదలదు. ఏ ఒక్క రోజూ కదల్లేదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అందులో బండి గొప్పెంత, నా భార్య గొప్పెంత అంటే, అది నేను తూచలేను."

గొట్టం చివర పొగ సన్నబడింది, పోగులా సాగింది, తెగింది. ఇన్‌స్పెక్టరు మీటరుని వేలితో తట్టి చూసుకున్నాడు.

"పాస్" అన్నాడు.

శిష్యులు చప్పట్లు కొట్టారు. టీచరమ్మ ఎవరికేసీ చూడకుండా బండిని గేట్లోంచి బయటికి తియ్యబోయి, మొదటి గేరు వేసి, క్లచ్ అమాంతం వదిలేసింది. అత్తగారు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. అందరికీ నేర్పిన మనిషి చేతిలో బండి ఆగిపోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు ముల్లు కదిలింది" అన్నాడు వెనకనుంచి త్రాసులాయన.

"ఎందుకు కదలదూ!" అని ఆవిడ మోచేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ స్టార్ట్ చేసింది.

వీధి చివర గొట్టంలోంచి కొంచెం పొగ వచ్చింది. ఆవిడ అద్దంలో ఆయన్ని చూసింది. "ఇంకేమన్నా ఉన్నాయా, చెప్పనివి?"

"ఉన్నాయి" అన్నాడాయన. "చాలానే ఉన్నాయి."

మందుల దుకాణానికి కుడివైపు తిరిగితే రెండు వీధులే. టీచరమ్మ ఎడమవైపు చెయ్యి చూపించి, ఊరి చుట్టూ తిరిగి వెళ్ళే రోడ్డులోకి బండి తిప్పింది.