నాలుగో ఒక్కపొద్దు

ఉడికిన గుడ్డు పెంకు ఒలుస్తుంటే వేళ్లు చురుక్కుమన్నాయి. అది కూడా రవళి తప్పేననిపించింది విజయశ్రీకి. రవళి ఆమె తోటికోడలు. కాపురానికొచ్చి రెండేళ్లు నిండలేదు, అప్పుడే ఐదో నెల. రోజూ పొద్దున రెండు గుడ్లు, మొలకెత్తిన పెసలు, పాలకూర పప్పు, జొన్నరొట్టె వేళకు వేడివేడిగా ఆమె ముందుండాలి. పెట్టేది విజయశ్రీ. ఇవాళ శుక్రవారం, ఆ ఇంట్లో నీసు ముట్టని రోజు. అయినా "కడుపుతోని ఉన్నదానికి పట్టింపులేంది" అంటూ అత్త లలితమ్మ స్వయంగా గుడ్లు గిన్నెలో వేసి పూజగదిలోకి పోయింది.

విజయశ్రీకి మాత్రం ఒక్కపొద్దు. పొద్దంతా చాయ్ నీళ్లు, దీపం పెట్టాక ఒక్కటే పూట భోజనం. సంతానం కోసమని సోమ, శుక్ర, శనివారాలు అత్త పట్టించింది, ఏడేళ్లయింది. పొద్దంతా మాడిన మనిషి రాత్రికి కంచం నిండా అన్నం, మీద ఇంత నైవేద్యం పరమాన్నం ఆవురావురుమని తినదా మరి? తినేది. ఒళ్లొచ్చింది. నెలసరి రెండు మూడు నెలలకోసారి, దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. గడ్డం కింద నల్లటి వెంట్రుకలు మొలిచాయి. చైతన్యపురి పార్లర్‌లో పిల్ల దారం పెట్టి లాగుతుంటే కళ్ల నీళ్లు కారేవి. "నా షేవింగ్ సెట్ నువ్వే వాడుకోరాదు" అని భర్త రమేష్ ఒకసారి నవ్వాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్లది పోచంపల్లి చీరల దుకాణం, వచ్చినవాళ్లతో నవ్వుతూ మాట్లాడటం అతనికి అలవాటే. ఆ చీరలకు ఫాల్ కుట్టేదీ, కొంగులకు కుచ్చులు ముడివేసేదీ ఇంట్లో కూర్చుని విజయశ్రీయే. అది పని కింద ఎవరి లెక్కలోనూ లేదు.

పోయిన నెల ఇద్దరూ ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానకు వెళ్లారు. డాక్టరమ్మది కోస్తా వైపు. రిపోర్టులు పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పింది.

"చూడమ్మా, మగ హార్మోను ఆడవాళ్లందరిలోనూ కొద్దిగా ఉంటుంది. మీకది ఎక్కువైంది. అందుకే అండం ఎదగకుండా మధ్యలో ఆగిపోతోంది. నెలసరి సరిగా రాకపోవడం, ఈ వెంట్రుకలు, అన్నీ దానివల్లే. పొద్దంతా పస్తుండి రాత్రి అన్నం, తీపి ఒకేసారి తింటే ఇన్సులిన్ పెరిగి ఆ హార్మోన్ని ఇంకా రెచ్చగొడుతుంది. మందులు రాస్తాను. ముందు మీరు వేళకు తినండి. గుడ్లు, పప్పులు, ఆకుకూరలు తినండి. తెల్లన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టుకోండి. రోజూ నడవండి."

తినమని తనతో ఒక మనిషి అనడం విని విజయశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది. రమేష్ ఫోన్‌లో ఎవరికో పట్టుచీరల ఫోటోలు పంపుతున్నాడు. ఇంటికొచ్చాక తల్లికి అతను చెప్పింది ఒకటే ముక్క. "ఏం లేదమ్మా, అన్నం తగ్గియ్యమన్నరు."

లలితమ్మ ముఖం వెలిగిపోయింది. "నేను మొదటిసంది అదే చెప్తున్న గద! అయితే బేస్తారం గూడ ఒక్కపొద్దు పట్టు బిడ్డా."

"ఉపాసాలు వద్దన్నరు అత్తమ్మా. గుడ్లు తినమన్నరు."

"దేవుని సంగతి డాక్టర్లకేమెరుక?"

అలా గురువారం నాలుగోదై వచ్చి చేరింది.

విజయశ్రీకి రవళి కడుపు చూసి కుళ్లని చుట్టాలంతా అనుకుంటారు. కడుపు చూసీ కుళ్లుకుంది, అబద్ధమెందుకు. రవళి నడుం మీద చెయ్యేసుకుని నడుస్తుంటే గుండె భగ్గుమనేది. కానీ అంతకంటే ఎక్కువ మండించింది ఆ కంచం. డాక్టరమ్మ తనకు చెప్పిన కంచమే అది, ఒక్క వస్తువు తేడా లేదు. తన మందు తనే వండి ఇంకొకతె నోటికందించాలి. ఒకనాడు రవళి పప్పులో గుప్పెడు ఉప్పు ఎక్కువేద్దామని చెయ్యి డబ్బాలోకి పోయింది. వేయలేకపోయింది. ఆ మంచితనానికి రోజంతా తనను తానే తిట్టుకుంది.

కంచం తెచ్చి బల్ల మీద పెట్టింది. రవళి ముక్కు మూసుకుంది.

"అక్కా, గుడ్డు వాసనకే కడుపుల తిప్పుతుంది. ఇయ్యాల నాకొద్దు, తీసెయ్యవా?"

వద్దట! తను కలలో కూడా అడగలేనిదాన్ని ఆ పిల్ల వేలితో అవతలికి నెట్టేసింది. విజయశ్రీకి ఒళ్లంతా మంట పుట్టింది. కంచం తీసుకుని వంటింటివైపు రెండడుగులు వేసింది, ఆగింది, వెనక్కొచ్చి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. గుడ్డు మీద ఉప్పూ మిరియాలూ చల్లుకుని కొరికింది. ఎంత రుచిగా ఉందో!

హారతి పళ్లెంతో బయటికొచ్చిన లలితమ్మ గడపలోనే నిలబడిపోయింది.

"శుక్రారం పూట, ఒక్కపొద్దు నాడు! కడుపుతోని ఉన్నదాని నోటికాడిది తింటున్నవా?"

"నేనే వద్దన్న అత్తమ్మా" అంది రవళి.

"నువ్వూకో. ఏడేండ్ల పుణ్యం మట్టిల కలిపింది. పిల్లలొద్దా నీకు?"

రమేష్ సోఫాలో పూరీలు తింటున్నాడు. "ఏందే పొద్దుగాల్నే లొల్లి? అమ్మ చెప్పినట్టు జర వినరాదు" అన్నాడు నోటినిండా ముద్దతో.

అతన్ని చూసింది విజయశ్రీ. నూనెతో మెరుస్తున్న ఆ వేళ్లు, నిశ్చింతగా ఆడుతున్న ఆ దవడలు. ఇన్నాళ్లూ తన కుళ్లంతా పోసింది ఎవరి మీద? అసలు ఈ ఇంట్లో చూసి కుళ్లుకోవాల్సిన మనిషి అదిగో, అక్కడ కూర్చున్నాడు.

లేచి వెళ్లి అతని చేతిలోంచి పూరీల పళ్లెం తీసుకుంది.

"పిల్లలు కావాలె అత్తమ్మా. ఆయనకు గూడ కావాలె గద? ఏడేండ్లు నా వంతు అయింది. ఈ పొద్దుసంది ఒక్కపొద్దులు మీ కొడుకు పడ్తడు. నాలుగుకు నాలుగు."

రమేష్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. లలితమ్మ హారతి పళ్లెం టీవీ బల్ల మీద పెట్టేసి కొడుకు పక్కకు ఉరికింది.

"ఏం మాటలే అవి! పొద్దంత దుకాణంల నిలబడెటోడు, ఉత్త కడుపుతోని ఎట్లుంటడే వాడు? పాణం ఖరాబు కాదా?"

"డాక్టరమ్మ గూడ గదే అన్నది అత్తమ్మా" అంది విజయశ్రీ, "నా గురించి."